తుపాకుల ఫ్యాక్టరీలో టీచర్ల పింఛను

1990 మార్చిలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం ఒక తుపాకుల కంపెనీకి దాదాపు సగం యజమాని అయింది. బడ్జెట్ డబ్బుతో కాదు. బడిపంతుళ్లకూ రాష్ట్ర ఉద్యోగులకూ రిటైరయ్యాక ఇవ్వడానికి కూడబెట్టిన పింఛను నిధిలోంచి రెండున్నర కోట్ల డాలర్లు తీసి కోల్ట్ కంపెనీలో 47 శాతం వాటా కొన్నారు. రెండేళ్లకు, 1992 మార్చిలో, ఆ కంపెనీ దివాలా కోర్టు మెట్లెక్కింది. పెట్టిన డబ్బులో అధికభాగం తిరిగి రాలేదు. 1993లో అదే రాష్ట్ర శాసనసభ ఆ కంపెనీ తయారుచేసే స్పోర్టర్ రైఫిల్ అమ్మకాన్ని పేరు పెట్టి మరీ నిషేధించింది. సెనేట్‌లో ఓట్లు సరిసమానం కావడంతో లెఫ్టినెంట్ గవర్నర్ యూనిస్ గ్రోర్క్ తన ఓటుతో బిల్లును గట్టెక్కించారు.

ఒక చేత్తో కొన్నదాన్ని ఇంకో చేత్తో నిషేధించడం విడ్డూరమే. అయితే అసలు చిక్కు అక్కడ లేదు. డబ్బు పెట్టినవాళ్లకు కంపెనీ సంగతి తెలియదా అంటే, వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. శామ్యూల్ కోల్ట్ పుట్టింది హార్ట్‌ఫర్డ్‌లో. 1855లో ఫ్యాక్టరీ కట్టింది అక్కడే. నీలిరంగు ఉల్లిగడ్డ ఆకారపు గుమ్మటంతో ఆ భవనం ఊరికి గుర్తుగా నిలిచింది. రాష్ట్ర రాజధానీ అదే ఊరు. కంపెనీలో సమ్మె ఎప్పుడు మొదలైందో, సైన్యం ఆర్డరు ఎప్పుడు పోయిందో ఖజానా ఆఫీసులో గుమస్తాలకు కూడా తెలిసే ఉంటుంది. పెట్టుబడి పాఠాలన్నీ చెప్పేది ఒకటే కదా: తెలిసినచోట పెట్టు. ఇంత తెలిసినచోట పెట్టి ఎలా మునిగారు?

ఒక్క కోల్ట్ కథే అయితే ఖర్మ అని వదిలేయొచ్చు. ఇరవై ఏళ్లు దాటాక లెక్కలు బయటికొచ్చేసరికి ఇలా సొంత రాష్ట్రం అభివృద్ధి చెందాలని ఊళ్లోని కంపెనీల్లో, ఊరికి దగ్గరి ఫండ్లలో పింఛను డబ్బు పెట్టిన చాలా రాష్ట్రాల అనుభవం దాదాపు ఇదేనని తేలింది. అందుకే ముందు కోల్ట్ ఫైలు తెరిచి చూద్దాం.

1986 జనవరిలో కోల్ట్ కార్మికులు సమ్మెకు దిగారు. ఆటో వర్కర్స్ యూనియన్‌కు చెందిన 376వ శాఖ, సుమారు వెయ్యిమంది. యాజమాన్యం వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను పెట్టుకుని ఫ్యాక్టరీ నడిపింది. సమ్మె నాలుగేళ్లు సాగింది. ఈ మధ్యలో, 1988లో, అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది. వియత్నాం కాలం నుంచీ కోల్ట్‌కు కొండంత అండగా ఉన్న ఎం-16 రైఫిళ్ల ఆర్డరును అమెరికా సైన్యం బెల్జియం కంపెనీ ఎఫ్‌ఎన్‌కు ఇచ్చేసింది. ఆ కంపెనీ వాటిని సౌత్ కరోలినాలో తయారు చేసింది. 1989లో కార్మిక సంబంధాల బోర్డు న్యాయాధికారి తప్పు యాజమాన్యానిదేనని తేల్చి, సమ్మె చేసినవాళ్లకు బాకీ జీతాలు కట్టాల్సిన పరిస్థితి తెచ్చాడు. మాతృసంస్థ కోల్ట్ ఇండస్ట్రీస్‌కు ఇక ఈ తలనొప్పి వద్దనిపించింది. తుపాకుల విభాగాన్ని అమ్మకానికి పెట్టింది.

కొన్నది ఎవరు? కొందరు ప్రైవేటు పెట్టుబడిదారులు, యూనియన్, రాష్ట్ర పింఛను నిధి, ఈ ముగ్గురూ కలిసి. బేరం కుదిరింది, సమ్మె ముగిసింది, కార్మికులు లోపలికి వెళ్లారు. ఊళ్లో అది పండగే అయ్యుండాలి.

ఇక్కడే మొదటి ఆనవాలు దొరుకుతుంది. 1955 నుంచి ఆ ఫ్యాక్టరీని చేతిలో ఉంచుకున్న యజమాని వదిలించుకుంటున్నాడు. పెద్ద ఆర్డరు పోయింది. ప్రచ్ఛన్నయుద్ధం ముగుస్తోంది, రక్షణ బడ్జెట్లు తగ్గబోతున్నాయి. వాల్‌స్ట్రీట్‌లో కంపెనీలను కొనడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లకు కొదవలేదు. అయినా సగం వాటాకు డబ్బు కోసం పింఛను నిధి తలుపు తట్టాల్సి వచ్చింది. తట్టారంటేనే మిగతా తలుపులు సులువుగా తెరుచుకోలేదని అర్థం. పెద్దగా తెలివితేటలు అక్కర్లేని ఆనవాలు ఇది, కానీ ఉత్సాహంలో ఉన్నవాళ్లకు కనిపించదు.

రెండోది చట్టంలో ఉంది. అమెరికాలో ప్రైవేటు కంపెనీల పింఛను నిధులకు 1974 నాటి ఫెడరల్ చట్టం కాపలా కాస్తుంది. పింఛనుదారుడి ప్రయోజనం తప్ప ఇంకేదీ చూడకూడదని అది ట్రస్టీలను కట్టేస్తుంది. 1979లో కార్మిక శాఖ ఆ నిబంధనకు వివరణ ఇచ్చింది: ఒక్కో పెట్టుబడిని విడిగా చూడొద్దు, మొత్తం మూటగా చూస్తే జాగ్రత్తగా ఉంటే చాలు అని. దాంతో పింఛను డబ్బు ప్రైవేట్ ఈక్విటీ వైపు, వెంచర్ క్యాపిటల్ వైపు వరదలా కదిలింది. ఆ వ్యాపారమే పుంజుకుంది. రాష్ట్ర ప్రభుత్వాల పింఛను నిధులకు మాత్రం ఆ 1974 చట్టం వర్తించదు. అక్కడ ఏ రాష్ట్రం రాసుకున్న చట్టం ఆ రాష్ట్రానిదే. కనెక్టికట్ చట్టం ప్రకారం పింఛను నిధికి ట్రస్టీల మండలి లేదు. ఎన్నికల్లో గెలిచిన స్టేట్ ట్రెజరర్ ఒక్కడే ధర్మకర్త. 1990లో ఆ కుర్చీలో ఫ్రాన్సిస్కో బోర్జెస్ ఉన్నారు.

మూడో సంగతి చాలామంది పట్టించుకోనిది. అప్పటికి రాష్ట్ర ఖజానా లోటులో కొట్టుకుంటోంది. అప్పటిదాకా జీతాల మీద ఆదాయపు పన్ను లేకుండా బతికిన కనెక్టికట్, 1991 ఆగస్టులో, పెద్ద గొడవ మధ్య, ఆ పన్ను వేయక తప్పలేదు. అంటే 1990లో కోల్ట్‌ను ఆదుకోవాలంటే బడ్జెట్లో డబ్బు లేదు; వెతికి తేవాలంటే శాసనసభలో చర్చ జరగాలి, ఓటు పడాలి, అంత డబ్బు తుపాకులకా అని ఎవరో ఒకరు లేచి అడగాలి. పింఛను నిధిలో డబ్బుంది. అక్కడ ఒక్క సంతకం చాలు.

ఈ మూడు ముక్కలూ కలిపితే కోల్ట్ కథ వరకు ఒక రూపం వస్తుంది. కానీ ఇది అనుమానమే, రుజువు కాదు. ఒక్క కేసుతో ఏదైనా చెప్పొచ్చు. కాన్సాస్‌లోనూ ఆ కాలంలోనే రాష్ట్ర ఉద్యోగుల పింఛను నిధి సొంతరాష్ట్రం మీద ప్రేమతో పెట్టుబడులు పెట్టి, హోమ్ సేవింగ్స్ అనే ఒక్క సంస్థలోనే ఆరున్నర కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. దాన్నీ దురదృష్టం అనేయొచ్చు. పైగా ఎదురు రుజువు బలంగానే ఉంది. 2001లో జాషువా కోవల్, టోబియాస్ మోస్కొవిట్జ్ అనే ఆర్థికవేత్తలు మ్యూచువల్ ఫండ్ మేనేజర్ల లెక్కలు తీశారు. తమ ఆఫీసుకు వంద కిలోమీటర్ల లోపున్న కంపెనీల షేర్లలో ఆ మేనేజర్లు, దూరపు కంపెనీలతో పోలిస్తే, ఏడాదికి రెండున్నర శాతానికి పైగా ఎక్కువ సంపాదించారు. దగ్గరతనానికి విలువ ఉందన్నమాట. కాఫీ హోటల్లో విన్న కబురు, ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల రద్దీ, ఇవన్నీ కాసులు రాల్చేవే. మరి పింఛను నిధులకెందుకు రాల్చలేదు?

ముడి విప్పిన అసలు ఆధారం 2013లో వచ్చింది. యేల్ హోచ్‌బర్గ్, జాషువా రావ్ ఇద్దరూ అమెరికా సంస్థలు ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లలో పెట్టిన డబ్బు చిట్టా మొత్తం పోగేశారు. ఆ ఫండ్ల పద్ధతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. పింఛను నిధి తానుగా కంపెనీని కొనదు, సాధారణంగా. పదేళ్ల పాటు డబ్బు కదపనని ఒప్పుకుని ఒక ఫండ్‌కు అప్పగిస్తుంది. ఆ ఫండ్ నడిపేవాడు కంపెనీలను కొని, సరిచేసి, అమ్ముతాడు. నిర్వహణకని ఏటా రెండు శాతం దాకా, లాభంలో ఐదో వంతు దాకా అతను తీసుకుంటాడు. మధ్యలో ఆ వాటా విలువ ఎంతో చెప్పే బజారు లేదు. అమ్మినప్పుడు తెలిసిందే ధర.

చిట్టా చూస్తే మొదట కనిపించింది సొంతింటి మీద మొగ్గు. అన్ని రకాల సంస్థల్లోనూ అది ఉంది, కానీ ప్రభుత్వ పింఛను నిధుల్లో మరీ ఎక్కువ. సగటు నిధి తన ప్రైవేట్ ఈక్విటీ డబ్బులో దాదాపు 16 శాతాన్ని, మామూలు లెక్కకు మించి, సొంత రాష్ట్రం వైపు మళ్లించింది. ఫలితం? ఆ సొంతరాష్ట్ర పెట్టుబడుల రాబడి ఏడాదికి 2 నుంచి 4 శాతం పాయింట్లు తక్కువ. మొత్తంమీద ఈ అలవాటు వల్ల నిధులకు ఏటా 120 కోట్ల డాలర్లు చిల్లు పడుతోందని వాళ్ల అంచనా.

తక్కువ అన్నారు సరే, దేనికంటే తక్కువ? ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. రెండు వైపుల నుంచి పోల్చారు. ఒకటి, అదే పింఛను నిధి ఇతర రాష్ట్రాల్లో పెట్టిన పెట్టుబడులతో. అక్కడ దాని రాబడి బాగానే ఉంది. అంటే ఆ నిధి నడిపేవాళ్లు చేతకానివాళ్లు అనే అనుమానం తొలగిపోయింది. చేతకానివాడు ఎక్కడైనా చేతకానివాడే కదా. రెండోది, అదే రాష్ట్రంలో బయటి రాష్ట్రాలవాళ్లు పెట్టిన పెట్టుబడులతో. వాళ్లకూ రాబడి బాగానే వచ్చింది. అంటే ఆ రాష్ట్రంలో మంచి వ్యాపారాలు లేవు, ఊరే గొడ్డుబోయింది అనే అనుమానమూ తొలగిపోయింది. మనిషి మంచివాడే, ఊరూ మంచిదే. ఆ మనిషి ఆ ఊళ్లో డబ్బు పెట్టినప్పుడే నష్టం. ఇద్దరు నిందితులూ నిర్దోషులుగా తేలాక మిగిలింది వాళ్లిద్దరి మధ్య బంధుత్వం.

ఏమిటా బంధుత్వం? ఇక్కడ ఇంకో పరిశోధన అడ్డు తగిలి కథను మలుపు తిప్పుతుంది. జెఫ్రీ బ్రౌన్, జాషువా పొలెట్, స్కాట్ వైస్‌బెనర్ అనే ముగ్గురు ఇవే ప్రభుత్వ పింఛను నిధులు స్టాక్ ఎక్స్చేంజీలో కొన్న సొంతరాష్ట్ర షేర్లను పరిశీలించారు. అక్కడా మొగ్గు సొంతింటివైపే. రాబడి మాత్రం సగటుకన్నా ఎక్కువే వచ్చింది! అదే నిధి, అదే రాష్ట్రం, అదే దగ్గరతనం. లిస్టయిన షేర్లలో లాభం, ప్రైవేట్ ఈక్విటీలో నష్టం.

ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటని ఆలోచిస్తే జవాబు చాలా మామూలుది. ఎక్స్చేంజీలో షేరు కొంటున్నప్పుడు ఆ కంపెనీవాడు వచ్చి మీ ఎదుట కూర్చోడు. మీరు కొన్నదీ కొననిదీ అతనికి తెలియనే తెలియదు. వద్దనుకుంటే ఊరుకుంటారు, కాదని ముఖాన చెప్పక్కర్లేదు. ప్రైవేట్ బేరంలో మనిషి వస్తాడు, అడుగుతాడు, కూర్చుంటాడు. వెనకాల మేయరు, యూనియన్ నాయకుడు, ఉద్యోగాలు పోతాయని భయపడుతున్న కుటుంబాలు ఉంటాయి. ఊళ్లో చేబదులు సంగతి అందరికీ తెలిసిందే: ఇచ్చేదాకా వదలనివాడు ఎప్పుడూ దగ్గరివాడే, దూరపువాడిని మర్యాదగా పంపించేయగలం. పొరుగూరి నుంచి వచ్చిన పెట్టుబడిదారుడికి హార్ట్‌ఫర్డ్‌లో పది ప్రతిపాదనలొస్తే తొమ్మిదింటిని కాదని మంచిదొక్కటి ఏరుకుంటాడు. మంచి ప్రతిపాదనకు డబ్బు ఎక్కడైనా పుడుతుంది; ఎక్కడా పుట్టనివి చివరికి చేరేది కాదనలేనివాడి బల్ల మీదికే. దగ్గరతనం వల్ల ఎక్కువ తెలుస్తుందన్నది నిజమే. తెలిసినదాన్ని బట్టి వద్దనే స్వేచ్ఛ ఉంటేనే అది పనికొస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి 2018 నాటి మరో అధ్యయనం ఉంది. అలెగ్జాండర్ ఆండొనోవ్‌తో కలిసి హోచ్‌బర్గ్, రావ్‌లే చేశారు. ఈసారి నిధుల బోర్డుల్లో ఎవరెవరు కూర్చున్నారో చూశారు. రాష్ట్ర ప్రభుత్వ పదవుల రీత్యా బోర్డులోకి వచ్చినవాళ్లు ఎక్కువున్నచోట ప్రైవేట్ ఈక్విటీ రాబడి దారుణంగా ఉంది. ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల బోర్డుల్లోనూ తక్కువే, కానీ అంత తక్కువ కాదు. వాళ్ల లోపానికి ఆర్థిక విషయాల్లో అనుభవం చాలకపోవడం కారణమని తేలింది. పదవుల్లో ఉన్నవాళ్లకు ఆ సాకు కూడా లేదు. వాళ్లకు ఆర్థికశాస్త్రం చదువూ అనుభవమూ బాగానే ఉన్నాయి. తెలిసి చేసిన పనులే. ఆర్థిక రంగం నుంచి వాళ్లకు అందిన ఎన్నికల విరాళాలు పెరిగినచోట రాబడి ఇంకా తగ్గింది.

విరాళాల మాట వచ్చింది కాబట్టి, ఇదంతా లంచాల వ్యవహారమే కదా అని తేల్చేయాలనిపిస్తుంది. కనెక్టికట్‌లోనే అందుకు తగిన పాత్రధారి ఉన్నాడు. బోర్జెస్ కూర్చున్న కుర్చీలోకే తర్వాత పాల్ సిల్వెస్టర్ వచ్చాడు. 1998 నవంబరు ఎన్నికల్లో ఓడిపోయాడు. కొత్త ట్రెజరర్ వచ్చేలోపు మిగిలిన వారాల్లో కోట్లాది డాలర్ల పింఛను డబ్బును ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లకు కట్టబెట్టాడు. అందులో బోస్టన్‌కు చెందిన ట్రయంఫ్ క్యాపిటల్‌కే 20 కోట్లు. ముడుపులు తీసుకున్నానని 1999లో కోర్టులో ఒప్పుకున్నాడు. 51 నెలల జైలు పడింది.

సిల్వెస్టర్‌ను చూసి కోల్ట్‌ను అర్థం చేసుకోబోతే దారి తప్పుతాం. సిల్వెస్టర్ డబ్బు కట్టబెట్టింది ముడుపులకు. కోల్ట్ బేరంలో ఎవరూ జేబు నింపుకున్నట్టు బయటపడలేదు. అక్కడ పని చేసింది మంచి మనసే. లంచం లేకుండానే డబ్బు పోయిందన్నదే ఈ ముడిలో గట్టి పోగు. రెండు కథలకూ ఉమ్మడిది ఒక్కటే: అడ్డు చెప్పే రెండో మనిషి లేని సంతకం. సిల్వెస్టర్ తర్వాత, 2000లో, రాష్ట్రం ఖజానా సంస్కరణల చట్టం చేసి ట్రెజరర్‌పై సలహా మండలి నిఘాను పెంచింది. దొంగ పట్టుబడ్డాకే తాళం వేశారు. పదేళ్ల ముందు మంచివాళ్లు అదే తలుపులోంచి డబ్బు పట్టుకెళ్లినప్పుడు ఎవరికీ తోచలేదు.

ఎందుకు తోచలేదన్నదే చివరి ఆనవాలు. డబ్బు ఎవరిది పోయిందో ఆలోచించండి. కనెక్టికట్ టీచరుకు ఇంత సర్వీసుకు ఇంత పింఛను అని చట్టం రాసిచ్చింది. నిధి మునిగినా ఆమెకు నెలనెలా చెక్కు వస్తుంది, తగ్గేది ఏమీ లేదు. లోటు పూడ్చాల్సింది పన్ను కట్టేవాడు, అదీ ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత. అతనికి ఈ కోల్ట్ గొడవ తెలియనే తెలియదు. నష్టపోయినవాడికి నష్టం తెలియనప్పుడు ఫిర్యాదు ఎవరు చేస్తారు? కనెక్టికట్ పింఛను నిధులు తర్వాత అమెరికాలోనే బాగా బక్కచిక్కినవాటిలో చేరాయి, కానీ న్యాయంగా చెప్పాలంటే ఆ పాపం కోల్ట్‌ది కాదు. దశాబ్దాల పాటు రాష్ట్రం తన వంతు సొమ్ము పూర్తిగా జమ చేయకపోవడం దానికి ప్రధాన కారణం. ఆ పెద్ద గోతిలో కోల్ట్ ఒక చిన్న గుంట.

మన పాఠకులకు ఈ ఆనవాలు కొత్తదేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగాల్లో చేరినవాళ్ల సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పింఛను పథకం) డబ్బు పింఛను ఫండ్ మేనేజర్ల దగ్గరికి వెళుతుంది. మార్కెట్ పడితే నష్టం ఉద్యోగిది, కాబట్టి ప్రతి పైసా మీదా అతని కన్ను ఉంటుంది. గ్యారంటీ కావాలన్న పోరాటం కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2023లో గ్యారంటీ పింఛను చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను పథకం (యూపీఎస్) తెచ్చింది. ఆ యూపీఎస్‌లో గ్యారంటీని నిలబెట్టడానికి కేంద్రం అదనంగా వేసే 8.5 శాతం ఒక ఉమ్మడి నిధిలో పడుతుంది. దాన్ని ఎక్కడ పెట్టుబడి పెట్టాలో నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వమొక్కటేనని నోటిఫికేషన్లో రాసి ఉంది. ఆ నిధి ఎలా నడుస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. గ్యారంటీ వచ్చిన రోజున ఉద్యోగి చూపు ఆ లెక్కల మీంచి పక్కకు తిరుగుతుందన్నది మాత్రం హార్ట్‌ఫర్డ్ ఫైలు చెబుతున్న విషయం.

ఇంతా విన్నాక కోల్ట్ కార్మికుడి తరఫున ఒక ప్రశ్న మిగులుతుంది. డబ్బు పోతే పోయింది, ఉద్యోగాలు నిలిచాయి కదా? నిలిచాయి. 1994లో న్యూయార్క్ పెట్టుబడిదారుడు డొనాల్డ్ జిల్కా దివాలాలో ఉన్న కంపెనీని కొన్నాడు. ఫ్యాక్టరీ వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో సాగింది. సైన్యం కొత్తగా ఎంచుకున్న ఎం-4 కార్బైన్ ఆర్డర్లు వచ్చాయి. 2015లో ఇంకోసారి దివాలా తీసి లేచింది. 2021లో చెక్ దేశపు సీజెడ్ గ్రూపు 22 కోట్ల డాలర్లకు పైగా పెట్టి దాన్ని సొంతం చేసుకుంది.

ఆ ఉద్యోగాలను కాపాడటం తప్పని నేను అనను. నాలుగేళ్లు రోడ్డు మీద నిలబడ్డ వెయ్యి కుటుంబాల పక్షాన ఒక రాష్ట్రం నిలబడటంలో తప్పేముంది? ఆ ఖర్చు రాష్ట్రానిది, రాష్ట్రమే తన పేరు మీద రాసుకోవాల్సింది. కెనడాలోని క్యుబెక్‌లో 1983లో ఎఫ్‌టీక్యూ కార్మిక సమాఖ్య ఇదే పని కోసం వేరే నిధి పెట్టింది. ఊరి కంపెనీలను నిలబెట్టడానికే ఈ డబ్బు అని ముందే చెప్పి, ఇష్టమున్నవాళ్ల దగ్గర తీసుకుంది; బదులుగా ప్రభుత్వం వాళ్లకు పన్ను రాయితీ ఇచ్చింది. అక్కడ ఇచ్చేవాడికి దేనికి ఇస్తున్నాడో తెలుసు, రాయితీ ఖర్చు బడ్జెట్లో కనబడుతుంది. కనెక్టికట్‌లో 1990లో ఆ రెండున్నర కోట్లు సాయమని ఎక్కడా నమోదు కాలేదు. పింఛను నిధి పుస్తకాల్లో అది పెట్టుబడి. ఎం-4 ఆర్డర్లు లాభాలు తెచ్చే నాటికి ఆ పుస్తకాల్లో ఆ వాటా విలువ చాలామటుకు కొట్టివేతల పద్దులోకి వెళ్లిపోయింది.